ఇంగ్లీషులా కనబడి వేరే అర్థమిచ్చే ఫ్రెంచి మాటలు: మీరెలా నేర్చుకున్నారు?

కూకట్‌పల్లి_కుర్రాడు:

అందరికీ నమస్తే. కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) కోసం ఫ్రెంచి నేర్చుకుంటున్నా. టెఫ్ అనే ఫ్రెంచి పరీక్ష రాయాలి, నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ 7 (ఫ్రెంచి ఎంత వచ్చో కెనడా కొలిచే స్థాయి) రావాలి, మామూలు టెన్షన్ కాదు. గ్రామర్ పర్వాలేదు, వినడం కూడా రోజూ వింటుంటే మెరుగవుతోంది. ఇబ్బందల్లా చదివేటప్పుడే. మాట చూడగానే ఇంగ్లీషు అర్థం ముందుకొచ్చి నిలబడుతుంది. లిబ్రేరీ అంటే లైబ్రరీ కాదు పుస్తకాల షాపు, అసిస్తే అంటే సాయం కాదు హాజరవడం, అతాఁద్ర్ అంటే హాజరవడం కాదు ఎదురుచూడటం, రెస్తే అంటే విశ్రాంతి కాదు ఉండిపోవడం. మా కోచింగ్‌లో ఒక పొడవాటి పట్టిక ఇచ్చి బట్టీ పట్టమన్నారు. ఫ్రెంచి మాట, దాని పక్కన "ఇది కాదు", ఆ పక్కన "ఇది". చదివాక రెండు అర్థాలూ గుర్తుంటున్నాయి గానీ వాటిలో ఏది తప్పో ఏది ఒప్పో కలిసిపోతోంది. ఈ దారిలో ముందు వెళ్ళినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

(అరసున్న పెట్టిన చోటల్లా ముక్కుతో పలకాలి, తెలుగు లిపిలో ఇంతకంటే దగ్గరగా రాయడం నాకు చేతకాలేదు.)

తార్నాక_టీచర్:

తమ్ముడూ, ఆ పట్టిక పక్కన పెట్టేయి. నేను ఫ్రెంచి చెబుతాను కాబట్టి కాస్త గట్టిగానే అంటున్నా, తప్పు అర్థాన్ని పక్కనే రాసుకుని చదివితే తప్పు జతనే మళ్ళీ మళ్ళీ గట్టి చేసుకున్నట్టు. పరీక్షలో కంగారులో ఆ జతే ముందు గుర్తొస్తుంది.

అసలు మన ఊళ్ళో ఫ్రెంచి క్లాసు ఎలా నడుస్తుందో చూడు. నేర్చుకునేవాళ్ళది తెలుగో ఉర్దూనో, చెప్పేవాళ్ళదీ అంతే, పుస్తకమంతా ఫ్రెంచి, వివరణ మాత్రం ఇంగ్లీషులో. ప్రతి మాటా ఇంగ్లీషు మీదుగా తిరిగి తెలుగులోకి వస్తుంది, ఆ మలుపు దగ్గరే చిక్కు. నేను క్లాసులో ఆ మలుపు తీసేసి చెబుతాను. లిబ్రేరీ అనగానే కోఠిలో పుస్తకాల దుకాణాలు గుర్తురావాలి, బిబ్లియోతెక్ అనగానే అఫ్జల్‌గంజ్‌లో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ గుర్తురావాలి. మధ్యలో ఇంగ్లీషు మాట రానే కూడదు. మొనే అంటే చిల్లర. దాన్ని ఇంగ్లీషు మనీతో కలిపి, "కాదు కాదు, చేంజ్" అని సర్దుకోవడం దేనికి? సిటీ బస్సులో కండక్టర్ అడిగేది మొనే. డబ్బుకు మాట అర్జాఁ, వెండికీ అదే మాట.

ఇంకోటి, చాలాచోట్ల ఫ్రెంచి పద్ధతి మన పద్ధతికి దగ్గర. రెజెఁ అంటే ద్రాక్ష, రెజెఁ సెక్ అంటే ఎండుద్రాక్ష. మనమూ అలాగే అంటాం, ద్రాక్షకు ముందు ఎండు చేరుస్తాం. ఇంగ్లీషులో గ్రేప్ వేరు, రైజిన్ వేరు కాబట్టి ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడికే తికమక. పరీక్షల మాటే తీసుకో. పాసే అఁ ఎగ్జామెఁ అంటే పరీక్ష రాయడం మాత్రమే, పాసయ్యావో లేదో అందులో లేదు. పాసైతే రెయుసీర్ అనాలి. "పరీక్ష రాశా" వేరు, "పాసయ్యా" వేరు అని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ఫార్మా_శామీర్‌పేట:

టీచర్ గారూ, మీ మాట కాదనను గానీ ఇంగ్లీషును అలా పక్కకు తోసేయమంటే మాత్రం ఒప్పుకోను. నేను కెనడాకు వెళ్ళే సరుకుల లేబుళ్ళు, కాగితాలు చూస్తాను, అక్కడ ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ ఉండాలి. ఒక పేజీ తీసుకుంటే పొడవాటి మాటల్లో చాలావాటికి ఇంగ్లీషు అర్థం అచ్చంగా సరిపోతుంది. కూకట్‌పల్లి తమ్ముడికి పరీక్ష దగ్గర్లో ఉంది, చేతిలో ఉన్న ఆ బలాన్ని ఎందుకు వదులుకోవాలి? సరిపోని మాటలు ఏ రంగంలో ఎక్కువ ప్రమాదమో వాటిని మాత్రం ముందు పట్టుకోవాలి.

మా పనిలో మొదటిది ప్రెజెర్వాతీఫ్. ఆహారంలో, మందులో పాడవకుండా కలిపే పదార్థాన్ని కోఁసెర్వాతర్ అంటారు. ప్రెజెర్వాతీఫ్ అంటే కండోమ్. ఇది క్లాసుల్లో నవ్వుకోవడానికి చెప్తారు గానీ మా దగ్గర అది లేబుల్ మీద పడితే సరుకు మొత్తం ఆగుతుంది. ద్రోగ్ అంటే మత్తుమందు, మనం వేసుకునే మందు మెదికామాఁ. ఫిజిస్యెఁ అంటే భౌతికశాస్త్రవేత్త, డాక్టరుకు మెద్సెఁ. ఎఁతొక్సికాస్యోఁ అంటే తాగిన మత్తు కాదు, విషం ఎక్కడం. ఎఁతొక్సికాస్యోఁ అలిమాఁతేర్ అంటే ఫుడ్ పాయిజనింగ్.

నన్నడిగితే వీటన్నిటికంటే ప్రమాదం దెలే. ఇంగ్లీషు డిలే లాగే కనబడుతుంది, అర్థం మాత్రం గడువు, అంటే ఒక పనికి ఇచ్చిన సమయం. ఆలస్యానికి రతార్ అనే మాట వేరుగా ఉంది. దెలే ద లివ్రెజోఁ అని ఉంటే సరుకు ఎన్నాళ్ళలో చేరుతుందో చెబుతున్నారన్నమాట, లేటవుతుందని కాదు. ప్రెజెర్వాతీఫ్ ఎక్కడ పడినా వాక్యం వింతగా ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టేస్తారు. దెలేను తప్పుగా చదివినా వాక్యం మామూలుగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

పదాలపిచ్చి:

ఫార్మా గారు చివర్లో చెప్పింది చాలా ముఖ్యం, దాని గురించి తర్వాత రాస్తా. ముందు ఇవి ఎందుకిలా అయ్యాయో తెలిస్తే భయం సగం పోతుంది.

1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. అప్పటినుంచి దొరల మాట, కోర్టు మాట ఫ్రెంచే. 1362లో కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేయాల్సి వచ్చిందంటే ఎంత పాతుకుపోయిందో చూడండి. ఆ కాలంలో ఇంగ్లీషులోకి వేల మాటలు వచ్చాయి. వచ్చిన రోజున అర్థం దాదాపు ఒకటే, తర్వాత సముద్రానికి ఇటు ఒకలా అటు ఒకలా మారాయి. దుమాఁదే అంటే ఫ్రెంచిలో మామూలుగా అడగడం. ఇంగ్లీషులో మాత్రం కోర్టుల్లో హక్కుగా అడిగే సందర్భాల్లో వాడి వాడి డిమాండ్ అయింది.

మారింది ప్రతిసారీ ఇంగ్లీషే అనుకోవద్దు. లిబ్రేరీ సంగతి చూడండి. పాత ఫ్రెంచిలో అది పుస్తకాలు దాచుకునే చోటే. 16వ శతాబ్దంలో మోఁతేఞ్ అనే ఫ్రెంచి రచయిత తన ఇంట్లో పుస్తకాలున్న గదిని లిబ్రేరీ అనే రాశాడు. తర్వాత ఫ్రెంచిలో ఆ మాట దుకాణం వైపు జరిగింది, ఖాళీ అయిన చోటులోకి గ్రీకు నుంచి వచ్చిన బిబ్లియోతెక్ చేరింది. ఇంగ్లీషు మాత్రం పాత అర్థాన్నే పట్టుకుని ఉంది. దెసెప్స్యోఁ కూడా అంతే, ఒకప్పుడు రెండు చోట్లా మోసమే, ఇప్పుడు ఫ్రెంచిలో నిరాశ.

ఇలాంటి మాటలకు ఫోజామి అనే పేరు కూడా పాతదేం కాదు. 1928లో కెస్లెర్, దెరొకిఞీ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు సరిగ్గా ఈ ఇంగ్లీషు-ఫ్రెంచి మాటల మీదే పుస్తకం రాస్తూ పెట్టిన పేరది. తెలుగులో కపటమిత్రులు అనొచ్చు. నాకు మాత్రం కపటం అనడం ఇష్టం లేదు, ఒక ఇంట్లో పుట్టి వేరే ఊళ్ళలో పెరిగిన అన్నదమ్ముల్లాంటివి ఇవి.

చిక్కడపల్లి_చదువరి:

అయ్యా, అమ్మా, నాకు ఫ్రెంచి బొత్తిగా తెలియదు, హిందీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే మీరంతా ఈ పని ముందే ఒకసారి చేసి గెలిచినవాళ్ళు.

మన శిక్ష హిందీలో చదువు. మన ఉపన్యాసం హిందీలో నవల. మన వ్యవసాయం అక్కడ వ్యాపారం, మన ఉద్యోగం అక్కడ పరిశ్రమ, మన అవసరం అక్కడ అవకాశం, మన ఆలోచన అక్కడ విమర్శ, మన అనుమానం అక్కడ అంచనా. మనకు ప్రపంచం అంటే లోకం, హిందీలో ప్రపంచ్ అంటే మోసం, తతంగం. అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే. హైదరాబాదులో పెరిగిన పిల్లవాడు "శిక్షా మంత్రి" అని వింటే శిక్షలు వేసే మంత్రి అనుకుంటాడా? ఎవరైనా వాడికి పట్టిక ఇచ్చి బట్టీ పట్టించారా? ఆ మాటను పక్కనున్న మాటలతో కలిపి, టీవీలో, బజారులో, స్నేహితుల దగ్గర వందసార్లు విన్నాడు, అంతే.

కోర్టు భాష మాటలు జనంలోకి వచ్చి మారడం గురించి రాశారు కదా, మన దగ్గరా జరిగింది. నిజాం రాజ్యంలో ముందు ఫారసీ, తర్వాత ఉర్దూ కచేరీ భాషలు. రాజీనామా అంటే ఉర్దూలో ఇద్దరూ రాజీపడి రాసుకున్న కాగితం. తెలుగులో ఉద్యోగం వదిలేస్తూ ఇచ్చే కాగితం. పాతబస్తీ వకీలు దగ్గర ఈ మాట ఎలా వాడాలో, ఆఫీసు హెచ్‌ఆర్ దగ్గర ఎలా వాడాలో మనకు తేడా తెలుసు. అదే తెలివి ఫ్రెంచికీ పనికిరాదా?

కూకట్‌పల్లి_కుర్రాడు:

చదువరి గారూ, ఇలా ఎప్పుడూ ఆలోచించలేదండీ, చాలా ధైర్యం వచ్చింది. టీచర్ అక్కా, ఒక డౌటు. పూర్తిగా వేరే అర్థం ఉన్నవాటికంటే కొంచెం కలిసి కొంచెం తేడా ఉన్నవే నాకు ఎక్కువ కష్టంగా ఉన్నాయి, ఫార్మా అన్న చెప్పిన దెలే లాంటివి. వాటిని ఎలా పట్టుకోవాలి?

పదాలపిచ్చి:

నేను తర్వాత రాస్తానన్నది ఇదే. పెఁ అంటే రొట్టె, క్వెఁ అంటే మూల, ఫూర్ అంటే పొయ్యిలాంటి ఓవెన్. ఇంగ్లీషు స్పెల్లింగులు పెయిన్, కాయిన్, ఫోర్ లాగే ఉంటాయి. పట్టికల్లో ఇవే ముందుంటాయి, కానీ ఇవి నిజానికి ఎవరినీ మోసం చేయవు. చెవికి అసలు పోలికే లేదు, కంటికి ఉన్నా రొట్టెల షాపులో నొప్పి అమ్మరు కదా, వాక్యమే సరిదిద్దేస్తుంది. అందుకే వినేటప్పటికంటే చదివేటప్పుడే నీకు ఇబ్బందిగా ఉంది.

భయపడాల్సినవి ఇంగ్లీషు అర్థం పెట్టినా వాక్యం చక్కగా కుదిరేవి. ఆక్తుయెల్మాఁ అంటే ప్రస్తుతం. "ఆక్తుయెల్మాఁ ఆయన పారిస్‌లో ఉన్నాడు" అనే వాక్యానికి "నిజానికి" అని పెట్టినా కుదురుతుంది, అర్థం మాత్రం మారిపోతుంది. ఎవాఁతుయెల్మాఁ ఇంకా ఘోరం. ఇంగ్లీషులో ఈవెంచువల్లీ అంటే ఆలస్యమైనా చివరికి జరుగుతుందని హామీ. ఫ్రెంచిలో వీలైతే, పరిస్థితిని బట్టి, జరగకపోనూవచ్చు. ఒప్పందంలో ఈ మాటను ఇంగ్లీషు అర్థంతో చదివితే ఇవ్వని మాటను ఇచ్చారనుకుని కూర్చుంటాం.

తార్నాక_టీచర్:

అవును, నా క్లాసులో కూడా ఎక్కువ సమయం వీటికే ఇస్తాను. పద్ధతి ఒక్కటే తమ్ముడూ, మాటను ఒంటరిగా రాసుకోకు. దాని వెనక వచ్చే మాటతో కలిపి రాసుకో. అసిస్తే అని రాయకు, అసిస్తే ఆ అఁ మర్యాజ్ అని రాసి పక్కన "పెళ్ళికి వెళ్ళడం" అని తెలుగులో రాయి. అతాఁద్ర్ ల బ్యూస్, బస్సు కోసం చూడటం. సాఁసీబ్ల్ అంటే సున్నితమైన, దాన్ని పో సాఁసీబ్ల్ అని రాసుకో, సున్నితమైన చర్మం, సబ్బు డబ్బా మీద ఉంటుంది. ఎఁపొర్తాఁ అంటే ముఖ్యమైన అనే అర్థం ఉంది, కానీ యూన్ సొమ్ ఎఁపొర్తాఁత్ అంటే పెద్ద మొత్తం. ఎక్స్‌పెరియాఁస్ అంటే అనుభవమూ అవుతుంది, ల్యాబులో చేసే ప్రయోగమూ అవుతుంది. ఇవి ఒంటరిగా ఉంటే ఎటూ తేలవు, జతలో తేలిపోతాయి.

రెస్తే విషయంలో మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మనం ఇంగ్లీషులో "వేర్ ఆర్ యూ స్టేయింగ్" అని నివాసం అడుగుతాం. ఆ అలవాటుతో జ రెస్త్ ఆ కూకట్‌పల్లి అంటే ఫ్రాన్సులో "నేను కూకట్‌పల్లిలోనే ఉండిపోతాను, ఎటూ వెళ్ళను" అన్నట్టు వినిపిస్తుంది. నివాసానికి అబితే.

మాంట్రియల్_మల్కాజిగిరి:

ఇక్కడే చిన్న సవరణ అక్కా. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్విబెక్‌లో మామూలు మాటల్లో రెస్తే అంటే నివసించడమే, మా పక్కింటివాళ్ళు రోజూ అలాగే అంటారు. పరీక్షలో మాత్రం మీరు చెప్పిందే రాయాలి.

తమ్ముడూ, ఇక్కడికి రావాలనుకుంటే ఇంకో సంగతి ముందే తెలుసుకో. ఇక్కడి ఫ్రెంచికీ ఫ్రాన్సు ఫ్రెంచికీ మధ్య కూడా కపటమిత్రులున్నాయి. దెజునే అంటే ఫ్రాన్సులో మధ్యాహ్న భోజనం, ఇక్కడ పొద్దుటి టిఫిన్. దినే అక్కడ రాత్రి భోజనం, ఇక్కడ మధ్యాహ్నానిది, రాత్రిదాన్ని సూపే అంటారు. ఎవరైనా దినేకి పిలిస్తే టైము అడగడం మర్చిపోకు. దెపానర్ అక్కడ రిపేరు చేసేవాడు, ఇక్కడ వీధి చివర కిరాణా షాపు. షార్ ఇక్కడ కారు, అక్కడ యుద్ధట్యాంకు. గోస్ అంటే అక్కడ పిల్లలు, ఇక్కడ ఆ మాట పెద్దల ముందు అనకూడదు, అంతవరకే చెప్తాను.

ఇంటర్_తల్లి:

మా అబ్బాయి ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి తీసుకున్నాడు. మార్కులు బాగా వస్తాయని అందరూ చెబితే తీసుకున్నాడు గానీ ఇప్పుడు నిజంగానే ఇష్టం పెరిగింది, డిగ్రీ తర్వాత ఫ్రాన్సులో చదువుతానంటున్నాడు. ఫ్రెంచిలో తన గురించి రాసే కాగితంలో వాడు చదివేది కొలేజ్ అని రాశాడు, వాళ్ళ సార్ కొట్టేశారట, కారణం చెప్పలేదట. మనం ఇంటర్ కాలేజీ అనే కదా అంటాం? దయచేసి ఎవరైనా చెప్పండి.

తార్నాక_టీచర్:

వాళ్ళ సార్ కొట్టేసింది సరైనదే అమ్మా, కారణం కూడా చెప్పి ఉండాల్సింది. ఫ్రాన్సులో కొలేజ్ అంటే సుమారు 11 నుంచి 15 ఏళ్ళ పిల్లలు చదివే బడి, మన హైస్కూలు లాంటిది. ఆ తర్వాత మూడేళ్ళు లిసే, దాని చివర బకలొరెయా పరీక్ష. అంటే మన ఇంటర్ లిసే కిందికి వస్తుంది. కొలేజ్ అని రాస్తే చదివేవాళ్ళు బాబు ఇంకా చిన్న తరగతిలో ఉన్నాడనుకుంటారు. బషెల్యే అంటే బకలొరెయా పాసైనవాడు, బ్యాచిలర్ డిగ్రీ చేసినవాడు కాదు. డిగ్రీకి వాళ్ళ మాట లిసాఁస్, మూడేళ్ళు. లైసెన్సు అనుకోవద్దు. అన్నిటికంటే మంచి పద్ధతి, మన కోర్సు పేరును అలాగే ఉంచి పక్కన ఎన్నేళ్ళ చదువో, ఏ వయసులో చేస్తారో ఒక ముక్క రాయించండి.

మాంట్రియల్_మల్కాజిగిరి:

క్విబెక్‌లో అయితే మళ్ళీ వేరండీ. ఇక్కడ బడి 11వ తరగతితో అయిపోతుంది, తర్వాత యూనివర్సిటీకి ముందు రెండేళ్ళు సెజెప్‌లో చదువుతారు, దాన్ని కాలేజీ చదువు అనే లెక్కేస్తారు. మన ఇంటర్‌కు చాలా దగ్గర.

ఫార్మా_శామీర్‌పేట:

బాబు సీవీ రాసుకునే వయసు వచ్చాక ఒకటి గుర్తుంచుకోమనండి మేడమ్. ఇంగ్లీషు సీవీలో అందరూ వెర్సటైల్ అని గొప్పగా రాస్తారు. ఫ్రెంచిలో వెర్సాతీల్ అంటే నిలకడ లేనివాడు, పూటకో మాట మార్చేవాడు. అన్ని పనులూ చేయగలవాడికి పొలివలాఁ. ఇంటర్న్‌షిప్‌కు స్తాజ్, నాటకాల స్టేజీ కాదు.

అంకెలూ చూసుకోవాలి. ఇంగ్లీషు బిలియన్ అంటే 100 కోట్లు, ఫ్రెంచిలో దానికి మిల్యార్. ఫ్రెంచి బిల్యోఁ అంటే లక్ష కోట్లు. ఇక్కడ టీచర్ గారి మాట నేనూ ఒప్పుకుంటున్నా, కోట్లలోకి మార్చుకుని చూస్తే పొరపాటు జరగదు.

పదాలపిచ్చి:

ఒక ముక్క చేర్చి ఆపుతా. ఈ పట్టికలు పాతబడిపోతుంటాయి కూడా. దిజితాల్ అంటే ఫ్రెంచిలో వేలికి సంబంధించినది, కంప్యూటర్ విషయాలకు న్యుమెరీక్ అనాలి. కానీ కంపెనీల ప్రకటనల్లో ఇప్పుడు దిజితాల్ ఎక్కడబడితే అక్కడ కనిపిస్తోంది, ఏ మాట సరైనదో చెప్పే సంస్థ ఫ్రెంచి అకాడెమీ వద్దంటున్నా ఆగట్లేదు. రెయాలిజే అంటే ఒకప్పుడు నెరవేర్చడమే, ఇప్పుడు గ్రహించడం అనే ఇంగ్లీషు అర్థంలోనూ జనం వాడుతున్నారు. ఇంగ్లీషు ప్రభావంతో కొన్ని మాటలు మళ్ళీ దగ్గరవుతున్నాయి. పదేళ్ళ కిందటి పట్టిక చేతిలో పెట్టుకుని ఇవాళ్టి వార్తాపత్రిక చదివితే అది తప్పు దారి కూడా పట్టించొచ్చు.

కూకట్‌పల్లి_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. పట్టిక తీసేసి కొత్త నోటుబుక్కు పెట్టా, జతలు, పక్కన తెలుగు. టెఫ్ మాట్లాడే విభాగంలో మొదటిది ప్రకటన చూసి ఫోన్లో వివరాలు అడగడం కదా, అద్దె ఇంటి ప్రకటన ఒకటి తీసుకుని నేను అడగబోయేవి ముందు తెలుగులో అనుకుని తర్వాత ఫ్రెంచిలో రాశా. లొకాస్యోఁ అంటే అద్దె, ప్రదేశం కాదు, అది ఓకే. రెండు చోట్ల ఆగిపోయా. ప్రకటనలో కోస్యోఁ అని ఉంది, జాగ్రత్త అని హెచ్చరికా? ఇంకొకటి, ఇల్లు చూడటానికి వీలైతే శనివారం వస్తానని చెప్పడానికి ఎవాఁతుయెల్మాఁ వాడొచ్చా?

తార్నాక_టీచర్:

కోస్యోఁ హెచ్చరిక కాదు, అడ్వాన్సు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చే డిపాజిట్. కాబట్టి నువ్వు అడగాల్సిన ప్రశ్న అదే, ఎన్ని నెలల అద్దె కోస్యోఁగా కట్టాలి, తిరిగి ఎప్పుడిస్తారు అని. ఎవాఁతుయెల్మాఁ అక్కడ చక్కగా సరిపోతుంది, కానీ అలా చెబితే నువ్వు శనివారం తప్పకుండా వస్తావని వాళ్ళు ఎదురుచూడరు. తప్పకుండా వెళ్ళేటట్టయితే ఆ మాట తీసేసి నేరుగా శనివారం వస్తానని చెప్పి టైము అడుగు. దెఫినితీవ్‌మాఁ మాత్రం పెట్టకు, దానికి ఇక శాశ్వతంగా అని అర్థం. మొత్తం ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టు, మీరు అనే గౌరవం, అంటే వూ, ప్రతి ప్రశ్నలో ఉందో లేదో కూడా చూస్తాను.